కొడుంగల్లూర్ నుంచి పరవూర్ దాకా: ముజిరిస్ పడవ యాత్ర ఎలా చేయాలి

శబరిమల సీజన్ దగ్గరపడిందంటే ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. "కేరళ వెళ్తున్నాం, అలెప్పీ హౌస్‌బోటు ఇదివరకే ఎక్కాం, రెండు గంటలకే కొబ్బరిచెట్లు చూసి చూసి విసుగొచ్చింది. పడవలో తిరుగుతూనే చూడ్డానికి ఏదైనా ఉండే చోటు చెప్పండి." ఉంది. పెరియార్ నది సముద్రంలో కలిసే చోట, ఎర్నాకుళం, త్రిశూర్ జిల్లాల సరిహద్దులో, కొడుంగల్లూర్‌కీ ఉత్తర పరవూర్‌కీ మధ్య ఉన్న కాయల్ (సముద్రానికి ఆనుకున్న ఉప్పునీటి మడుగు) అది. కోటలు, యూదుల ప్రార్థనా మందిరాలు, ఒక మంత్రివంశపు కోవిలకం (రాజభవనం), పాత మసీదు, చర్చి అన్నీ నీటి ఒడ్డునో, ఒడ్డు నుంచి కాసేపు నడిచే దూరంలోనో ఉంటాయి.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. రోమన్ ఓడలు బంగారంతో వచ్చి మిరియాలతో తిరిగెళ్ళిన ముజిరిస్ రేవు ఈ చుట్టుపక్కలే ఉండేది. ప్రాచీన తమిళ సంగ కవులు దీన్ని ముచిరి అన్నారు. రోమన్ రచయిత ప్లినీ భారతదేశంలో మొదటి వాణిజ్య కేంద్రమని రాస్తూనే, దగ్గర్లో సముద్రపు దొంగలున్నారని హెచ్చరించాడు కూడా. 1341లో పెరియార్‌కి వచ్చిన వరదలో ఇక్కడి రేవు పూడిపోయి కొచ్చి రేవు తెరుచుకుందని చెబుతారు. కేరళ ప్రభుత్వం ఈ ప్రాంతాన్నంతా ముజిరిస్ హెరిటేజ్ ప్రాజెక్టు కిందకి తెచ్చి, కట్టడాల్ని బాగుచేసి, మ్యూజియంలు పెట్టి, పడవ రేవులు కట్టింది.

ఒక్కటి మాత్రం ముందే అనుకోండి: రోజుకి మూడు రేవులే. నాలుగోది పెట్టుకున్నారంటే పడవ ప్రయాణం కాస్తా బస్టాండ్ నుంచి బస్టాండ్‌కి పరుగైపోతుంది.

ఏమేం కావాలి

- రెండు రోజులు. ఒకటి పూర్తిగా నీళ్ళ మీద, ఇంకొకటి సగం నీళ్ళు, సగం రోడ్డు. ఒక్కరోజే ఉంటే కింద 6వ అడుగు మాత్రం చేయండి.
- మగవాళ్ళకి ఒక పంచె. ఇక్కడి గుళ్ళలో చొక్కా తీసి లోపలికెళ్ళాలి. షార్ట్స్‌తో వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడిపోయిన మనవాళ్ళు చాలామంది.
- ఆడవాళ్ళకి తల మీద వేసుకోవడానికి దుపట్టా, మసీదు కోసం.
- బకిల్స్ లేని చెప్పులు. రోజంతా విప్పడం, తొడగడమే పని.
- చిల్లర నోట్లు. యూపీఐ నడుస్తుంది, కానీ రేవుల దగ్గర సిగ్నల్ ఒక్కోసారి మొరాయిస్తుంది.
- ఫోనుకి ప్లాస్టిక్ కవరు, టోపీ, తాగే నీళ్ళు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు రెండు. జనవరిలో కూడా ఉక్కపోత ఉంటుంది.
- ముందే డౌన్‌లోడ్ చేసుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు.

1. ముందు ఊరి పేర్లు సరిచూసుకోండి

నవ్వకండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పరవూర్ అనే రైల్వే స్టేషన్ కేరళలో ఉంది, కానీ అది కొల్లం జిల్లాలో. మీరు వెళ్ళాల్సిన ఉత్తర పరవూర్‌కి రైలే లేదు. మీరు పడవెక్కే కొట్టప్పురం కొడుంగల్లూర్‌ది, కానీ ఆ పేరుతో వెతికితే కాసర్‌గోడ్ జిల్లా నీలేశ్వరం దగ్గరున్న కొట్టప్పురం కూడా వస్తుంది. అక్కడా హౌస్‌బోట్లు ఉంటాయి కాబట్టి అనుమానం కూడా రాదు, అడ్వాన్సు కట్టేస్తారు.

సరిచూసుకోవడం తేలిక. మ్యాపులో ఆలువా నుంచి దూరం చూడండి. ఉత్తర పరవూర్ అయితే 20 కిలోమీటర్ల లోపే చూపిస్తుంది. వంద దాటిందంటే మీరు వేరే ఊళ్ళో ఉన్నారు. కొట్టప్పురం అన్నప్పుడల్లా పక్కన కొడుంగల్లూర్ అని కూడా టైపు చేయండి, ఫోన్లో మాట్లాడినా రెండూ కలిపే చెప్పండి.

2. నెల, వారం, పూట

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అక్టోబరు, నవంబరుల్లో పొద్దున్న ఎండ కాసి, మధ్యాహ్నం మూడు దాటగానే ఉరుములతో వాన పడే రోజులు ఎక్కువ. అప్పుడు వెళ్తే పడవ పని రెండింటికల్లా ముగించండి. జూన్ నుంచి ఆగస్టు దాకా వద్దు, వానే కాదు, నదిలో ప్రవాహం కూడా ఎక్కువగా ఉంటుంది.

వానల తర్వాత మంచినీళ్ళు నిండినప్పుడు కాలువల్లో గుర్రపుడెక్క పేరుకుపోతుంది. వేసవి వైపు వెళ్ళేకొద్దీ సముద్రపు ఉప్పునీరు లోపలికి ఎక్కి అది చచ్చిపోతుంది. అందుకని డిసెంబరు మొదట్లో వెళ్ళేవాళ్ళు చిన్న కాలువల దారిలో పడవ వెళ్తుందో లేదో ముందే అడగాలి. జనవరి చివర్లో ఈ బాధ తక్కువ.

వారంలో సోమవారం వదిలేయండి, మ్యూజియంలకి సెలవు. మీనమాసంలో, అంటే మార్చి, ఏప్రిల్‌లలో, కొడుంగల్లూర్ భగవతి గుడి భరణి ఉత్సవం జరుగుతుంది. దాని కోసమే వెళ్తే సరే, పడవ కోసమైతే ఆ రోజులు తప్పించండి. ఊళ్ళో కాలు పెట్టే చోటుండదు.

3. చేరుకోవడం

సికింద్రాబాద్, గుంటూరు, తిరుపతి వైపు వాళ్ళకి శబరి ఎక్స్‌ప్రెస్ ఉంది, ఆలువాలో దిగండి. విజయవాడ మీదుగా వెళ్ళే కేరళ ఎక్స్‌ప్రెస్‌లో అయితే త్రిశూర్‌లో దిగి కొడుంగల్లూర్ బస్సెక్కవచ్చు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. నవంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా అయ్యప్ప స్వాముల రద్దీ కాబట్టి తెరిచిన రోజే చేసుకోండి. విమానంలో వచ్చేవాళ్ళకి ఇంకా సుఖం. కొచ్చి ఎయిర్‌పోర్టు ఉన్న నెడుంబాశ్శేరి, ఎర్నాకుళం నగరం కంటే ఇటువైపే దగ్గర. గురువాయూర్ దర్శనం చేసుకుని వచ్చేవాళ్ళు 66వ నంబరు జాతీయ రహదారి మీదుగా నేరుగా కొడుంగల్లూర్ దిగొచ్చు.

బస కొడుంగల్లూర్‌లోనో, పరవూర్‌లోనో, సముద్రం కావాలంటే చెరాయి బీచ్‌లోనో పెట్టుకోండి. ఎర్నాకుళంలో దిగి రోజూ వచ్చిపోతామంటే ట్రాఫిక్కులో రెండు పూటలు పోతాయి.

4. పడవ మాట్లాడుకోవడం

మూడు దారులున్నాయి.

మొదటిది ముజిరిస్ ప్రాజెక్టు వాళ్ళ పడవ. రేవు రేవుకీ ఆపుకుంటూ వెళ్ళే ఏర్పాటు ఇది. టైమింగులు, ప్యాకేజీలు సీజన్ని బట్టి మారుతుంటాయి. కాబట్టి వాళ్ళ వెబ్‌సైటు చూసి ఊరుకోకుండా, ఆఫీసుకి వారం ముందు ఒకసారి, ముందురోజు సాయంత్రం ఇంకోసారి ఫోను చేయండి. ఇద్దరు ముగ్గురే ఉన్నవాళ్ళకి ఇదే చవక.

రెండోది ప్రైవేటు మోటారు బోటు లేదా శికారా. ఆరుగురు దాటితే నా ఓటు దీనికే. ఎక్కడ ఎంతసేపు ఆగాలో మీ చేతిలో ఉంటుంది. బేరం మొదలుపెట్టే ముందు ఈ ఐదూ అడగండి, ఇదే వరుసలో:

- కిరాయి గంటకా, ట్రిప్పుకా?
- మేము దిగి చూస్తున్నప్పుడు ఆగే టైముకి కూడా మీటరు తిరుగుతుందా?
- ఎక్కే రేవు, దిగే రేవు వేరైతే ఎక్స్‌ట్రా ఎంత?
- ఆ రోజు పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు?
- పడవకి ఎంతమందికి అనుమతి ఉంది?

రెండో ప్రశ్న మర్చిపోయినవాళ్ళకే చివర్లో గొడవలవుతాయి. నాలుగో ప్రశ్న అడిగితే ఇంకో లాభముంది, సరంగు మిమ్మల్ని కొత్తవాళ్ళుగా చూడ్డం మానేస్తాడు. నిజంగానే పనికొచ్చే ప్రశ్న అది. పాటు మీద నీళ్ళు తగ్గినప్పుడు కొన్ని చిన్న రేవుల దగ్గర పడవ మెట్లకి బాగా కిందకి వెళ్ళిపోతుంది, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలు దిగలేరు. పోటు మీద అదే పడవ మెట్లకి సమానంగా ఉంటుంది.

మూడోది, పెద్దగా పడవ వద్దనుకునేవాళ్ళకి. కట్టడాలన్నీ ఆటోలో చూసి, సాయంత్రం ఒక గంట మాత్రం కొట్టప్పురం దగ్గర పడవెక్కడం. ఇందులో తప్పేమీ లేదు. నెలల పిల్లలున్నవాళ్ళకి ఇదే చెబుతాను.

అలెప్పీలోనో, కుమరకంలోనో హౌస్‌బోటు మాట్లాడుకుని "అటే ముజిరిస్ తీసుకెళ్తాం" అని ఎవరైనా అంటే నమ్మకండి. అది వేంబనాడ్ దక్షిణపు కొస, ఇది ఉత్తరపు కొసకి ఆవల. ఆ పడవలు ఇటు రావు.

5. ఎక్కే ముందు తనిఖీ

గోదావరి మీద 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగింది మనమెవరం మర్చిపోలేదు. కేరళలో 2023 మే 7న తానూర్‌లో పరిమితికి మించి ఎక్కించుకుని, చీకటిపడే వేళ బయల్దేరిన పడవ బోల్తాపడి 22 మంది పోయారు. అందుకని మొహమాటం ఒడ్డునే వదిలేయండి.

పడవ పక్కన రిజిస్ట్రేషన్ నంబరు, ఎంతమందికి అనుమతో రాసి ఉండాలి. లైఫ్‌జాకెట్లు ఉన్నాయని చెబితే చాలదు, మనిషికొకటి చొప్పున బయటికి తీయించి లెక్కపెట్టండి. ఒకటి తొడిగి బెల్టు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది మీకు పెద్దది, నీళ్ళలో జారిపోతుంది. పిల్లల సైజు లేకపోతే ఆ పడవ వద్దు. పై డెక్కు ఉంటే అందరూ ఒకేసారి పైకెక్కకండి, ఫోటో కోసమని ఒకే పక్కకి చేరకండి. చీకటిపడ్డాక బయల్దేరదీస్తామంటే డబ్బులు పోయినా సరే దిగిపోండి.

6. మొదటి రోజు దారి: కొట్టప్పురం, చేందమంగలం, పరవూర్

పొద్దున తొమ్మిదికల్లా కొట్టప్పురంలో పడవెక్కండి. మ్యూజియంలు తెరిచేసరికి పది అవుతుంది కాబట్టి మొదటిది ఆరుబయట ఉన్న కొట్టప్పురం కోట. 1523లో పోర్చుగీసువాళ్ళు కట్టారు, తర్వాత డచ్చివాళ్ళు లాక్కున్నారు. గోల్కొండో కొండపల్లో ఊహించుకుని వెళ్తే ఉసూరుమంటారు. మిగిలింది పునాదులు, కొన్ని మందపాటి గోడలు అంతే. గోడ దగ్గరికెళ్ళి చూడండి, ఎర్రటి చిల్లుల రాయి. తేనెపట్టులా గుంతలు గుంతలుగా ఉంటుంది, వేలు పెడితే కణికలు రాలుతాయి. దాన్ని గీకకండి. అరగంట చాలు.

అక్కడి నుంచి చేందమంగలం వైపు పడవ కదిలాక, ఈ ప్రయాణంలో బాగుండేది ఆ నడిమి భాగమే. ఒడ్డున చీనా వలలు వరసగా కనిపిస్తాయి. పొడుగాటి గడలకి కట్టిన వల, వెనకాల తాళ్ళకి వేలాడే రాళ్ళు. రాళ్ళ బరువుతో వల ఎలా పైకి లేస్తుందో చూడాలంటే సరంగుని ఇంజను ఆపమని అడగండి, "చేట్టా (అన్నా), ఒక్క ఐదు నిమిషాలు" అంటే చాలు. చాలామంది ఈ నడిమి భాగంలోనే ఫోన్లు తీసి పాటలు పెడతారు. మీ ఇష్టం, కానీ ఆ పాటలు ఇంట్లో కూడా వినొచ్చు.

రెండో రేవు చేందమంగలంలోని కోట్టయిల్ కోవిలకం. గుట్ట చుట్టూ గుడి, చర్చి, మసీదు, యూదుల మందిరం నడిచే దూరంలోనే ఉంటాయి. ముందు సినగాగ్‌కి, అంటే ఆ యూదుల మందిరానికి వెళ్ళండి. లోపల చెక్క పైకప్పు మీద చెక్కుడు పని, మధ్యలో వేదిక, పైన ఆడవాళ్ళ కోసం కట్టిన బాల్కనీ. ఆ బాల్కనీ ముందు రెండో వేదిక ఒకటుంటుంది, కేరళ యూదుల మందిరాల ప్రత్యేకత అది. తొందరలో పైకి చూడకుండా వచ్చేస్తారు. 1950ల్లో ఈ ఊరి యూదులు దాదాపు అందరూ ఇజ్రాయెల్ వెళ్ళిపోయారు, ఇప్పుడిది మ్యూజియం. బయట ఆవరణలో ఒక సమాధి రాయి నిలబెట్టి ఉంటుంది. సారా అనే ఆవిడది, 1269 నాటిది, భారతదేశంలో దొరికిన హీబ్రూ రాతల్లో అన్నిటికంటే పాతది. టికెట్టు తీసుకుని నేరుగా లోపలికి నడిచేవాళ్ళు దీన్ని దాటిపోతారు, ఆగి చూడండి.

అదే ఊళ్ళో పాలియం కోవిలకం, పాలియం నాలుకెట్టు. కొచ్చి రాజుల దగ్గర వంశపారంపర్యంగా ప్రధానమంత్రులుగా పనిచేసిన పాలియత్ అచ్చన్‌ల ఇల్లు ఇది. కోవిలకం మీద డచ్చివాళ్ళ చెయ్యి కనిపిస్తుంది, నాలుకెట్టు మాత్రం అచ్చంగా మలయాళీ ఇల్లు, మధ్యలో ఆకాశం కనిపించే చావడితో మన కోనసీమ మండువా లోగిలిలా ఉంటుంది. ఆడవాళ్ళూ పిల్లలూ ఇందులో ఉండేవారు, ఆస్తి తల్లి వైపు నుంచి వచ్చేది. గైడు ఉంటే బ్రిటిష్‌వాళ్ళ మీద 1808-09లో తిరువాన్కూరు దివాన్ వేలు తంబితో కలిసి పాలియత్ అచ్చన్ చేసిన తిరుగుబాటు గురించి తనే చెబుతాడు. 1947-48 నాటి పాలియం సత్యాగ్రహం గురించి మాత్రం మీరు అడగాలి. ఈ ఇంటి ముందు రోడ్డు మీద నడిచే హక్కు కోసం కింది కులాలవాళ్ళు చేసిన పోరాటం అది. రెండూ వింటేనే ఆ ఇల్లు అర్థమవుతుంది.

చేందమంగలం చేనేతకి భౌగోళిక గుర్తింపు ఉంది. సెట్టుముండు (కేరళ ఆడవాళ్ళు కట్టే రెండు ముక్కల బట్ట) కొనాలంటే నేత సహకార సంఘం దుకాణంలో కొనండి, హ్యాండ్‌లూమ్ మార్కు చూడండి. 2018 వరదల్లో ఇక్కడి మగ్గాలు మునిగిపోయి, బురదపట్టిన చీరలు గుట్టలుగా మిగిలితే, వాటితో చేకుట్టి అనే చిన్న బొమ్మలు చేసి అమ్మి నేతగాళ్ళకి ఆసరా అయ్యారు. దొరికితే ఒకటి తీసుకోండి, మచ్చలుంటాయి, అవి ఉండాల్సినవే.

మూడో రేవు పరవూర్. ఇక్కడి సినగాగ్ 17వ శతాబ్దం మొదటిది. వీధి వైపు పడిప్పుర (గేటు మీద కట్టిన గది), తర్వాత స్తంభాల మధ్య పొడుగాటి నడవా, ఆ చివర ప్రార్థనా మందిరం. పొద్దున చూసినదానికీ దీనికీ తేడా వెతకమని పిల్లలకి పని పెట్టండి, అరగంట కిక్కురుమనరు. నాలుగున్నరకల్లా లోపలుండేలా చూసుకోండి. సాయంత్రం మూసే టైము దగ్గరపడితే టికెట్లు ఇవ్వడం ముందే ఆపేస్తారు.

7. రెండో రోజు: నది మొగ వైపు

మునంబం దగ్గర పెరియార్ పాయ సముద్రంలో కలుస్తుంది. మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి లేచి అక్కడ పడవ ఊగుతుంది, అందుకని ఇది పొద్దుటి పని. వాంతులయ్యేవాళ్ళు మాత్ర వేసుకోవాల్సింది ఈ ఒక్క చోటే. పళ్ళిప్పురం కోట వైపిన్ ద్వీపం ఉత్తరపు కొసన ఉంది. 1503లో పోర్చుగీసువాళ్ళు ఆరు పలకలుగా కట్టారు. భారతదేశంలో ఇంకా నిలిచి ఉన్న ఐరోపావాళ్ళ కోటల్లో అన్నిటికంటే పాతది ఇదే. చిన్నది, పావుగంటలో చుట్టేయొచ్చు. ఎదుటి ఒడ్డున అళీకోడ్‌లో మార్తోమా చర్చి ఉంది. క్రీ.శ. 52లో సెయింట్ థామస్ ఇక్కడ దిగాడని క్రైస్తవుల నమ్మకం.

మిగిలినవి పడవలో కాకుండా ఆటోలో చూడండి. చేరమాన్ జుమా మసీదు క్రీ.శ. 629 నాటిదని, దేశంలో మొదటి మసీదు అని స్థానికుల మాట. లోపల ఒక పాత నూనె దీపం వెలుగుతూ ఉంటుంది, అన్ని మతాలవాళ్ళూ నూనె తెచ్చి పోస్తారు. నమాజు వేళలు, శుక్రవారం మధ్యాహ్నం తప్పించండి. తిరువంచికుళం శివాలయం తమిళ శివభక్తుల పాటల సంకలనం తేవారంలో పాడిన గుళ్ళలో కేరళలో ఉన్నది ఇదొక్కటే. గుడికి వెళ్ళే టైము జాగ్రత్త, కేరళ గుళ్ళు మధ్యాహ్నానికే మూసి సాయంత్రం ఐదు ప్రాంతంలో తెరుస్తారు.

పట్టణం అనే పేరున్న ఊరు గురించి ఒక హెచ్చరిక. 2007 నుంచి జరిగిన తవ్వకాల్లో రోమన్ జాడీల ముక్కలు, పూసలు, చెక్క దోనె, ఇటుకల రేవుకట్ట బయటపడ్డ చోటు అదే. కానీ తవ్విన గుంతల్ని మళ్ళీ పూడ్చేశారు. నాగార్జునకొండ మ్యూజియంలాంటిది ఉంటుందనుకుని వెళ్తే కొబ్బరితోటలు, ఇళ్ళు కనిపిస్తాయి. పురావస్తు పిచ్చి ఉన్నవాళ్ళు మాత్రమే వెళ్ళండి.

8. తిండి సంగతి

హోటల్లో కూర్చోగానే లేత గులాబీ రంగు వేడి నీళ్ళు పెడతారు. అవి పాడైన నీళ్ళు కావు, పతంగి చెక్క వేసి కాచినవి, ధైర్యంగా తాగండి. అన్నం లావుపాటి మట్ట బియ్యంతో వండుతారు. సన్నన్నం కావాలంటే ముందే "వెళ్ళ చోరు" అని అడగాలి. పడవలో భోజనం దొరుకుతుందని అనుకోకండి, చేందమంగలం రేవుకి చేరేలోపు తినడానికి అరటిపళ్ళు, ఇడ్లీ పొట్లం పెట్టుకోండి. చెత్త మాత్రం సంచిలోనే వేసుకుని ఒడ్డుకి తేవాలి.

దారిలో సరిచూసుకోవడం ఎలా

మధ్యాహ్నం పన్నెండున్నరకి మీరు చేందమంగలంలో ఉంటే సరిగ్గా వెళ్తున్నట్టు. ఇంకా కొట్టప్పురంలోనే ఉంటే పరవూర్‌ని వదిలేయండి, పాలియంని కాదు. అప్పటికే పరవూర్ చేరిపోతే మీరు తొందరపడ్డారు, ఆ సమాధి రాయో, పై బాల్కనీయో కచ్చితంగా మిస్సయి ఉంటారు. ఒడ్డుకి దిగిన ప్రతిసారీ సరంగుతో మళ్ళీ బయల్దేరే టైము ఒకరే, వేళ్ళతో చూపించి మరీ ఖాయం చేసుకోండి. పదిమంది పది టైములు చెబితే ఆయన ఏదీ పట్టించుకోడు. దిగే ముందు ఆయన ఫోను నంబరు మీలో ఇద్దరి దగ్గరైనా ఉండాలి.

పరవూర్‌లో పడవ దిగాక మీ కారు కొట్టప్పురంలోనే ఉండిపోయిందని అప్పుడు గుర్తొస్తుంది చాలామందికి. రెండూళ్ళ మధ్యా హైవే మీద బస్సులు తిరుగుతుంటాయి. డ్రైవరుతో వచ్చినవాళ్ళు పొద్దున్నే ఆయన్ని పరవూర్ పంపేయండి. సొంతంగా నడుపుకుని వచ్చినవాళ్ళు కారుని పరవూర్‌లోనే పెట్టి, పొద్దున కొట్టప్పురానికి బస్సులో వెళ్ళండి.